రెండు బుల్లి చక్రాల కోసం మేరీలాండ్ దాకా

రిటైరయ్యాక కాశీ తీసుకెళ్తానన్న మనిషి నన్ను మేరీలాండ్‌లో ఒక రేకుల షెడ్డుకి తీసుకెళ్ళాడు. అమెరికా వెళ్ళొచ్చామని తెలిసి మల్లేశ్వరంలో మా వీధి ఆడవాళ్ళంతా వచ్చి కూర్చుని, నయాగరా చూశారా, ఆ పొడుగు మేడలెక్కారా అని అడుగుతున్నారు. చూడలేదమ్మా, ఎక్కలేదమ్మా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. మరేం చూశారంటే, యుద్ధంలో జపాను వాళ్ళు కట్టిన ఒక విమానాన్ని, అదీ ముక్కలుగా, చూసొచ్చామంటే నమ్మడం లేదు. అందుకని అంతా ఒకేసారి రాసి పడేస్తున్నాను. చదవాలనుకున్నవాళ్ళు చదువుకోండి, నన్ను మాత్రం మళ్ళీ అడక్కండి.

బయల్దేరే ముందు సంగతి

మావారు బెంగుళూరులో విమానాలు కట్టే ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఫ్యాక్టరీ పేరు రాయను, పెన్షను అక్కణ్ణించే వస్తోంది. ఆయనా, ఆయన కింద పనిచేసే నలుగురైదుగురు కుర్రాళ్ళూ కలిసి ఒక చిన్న విమానం కట్టారు. మామూలు విమానానికి పంకా ముందుంటుంది, తోక వెనక ఉంటుంది. దీనికి బుల్లి రెక్కలు ముందున్నాయి, పంకా వెనకుంది. ఎద్దులు బండిని వెనక నుంచి నెట్టినట్టు అన్నమాట. ఆఫీసులో దానికి ఏదో నంబరు ఉండేది. ఇంట్లో పాలపిట్ట అనేవాళ్ళం. నాకు ఒళ్ళు మండినప్పుడు సవతి అనేదాన్ని. పండగ పూట కూడా దాని దగ్గరే కాపురం పెట్టే మనిషిని కట్టుకున్నదాన్ని, ఇంకేమంటాను?

ఆ పాలపిట్టని మొదటిసారి నేల మీద వేగంగా పరుగెత్తించిన రోజున దాని ముక్కు ఒక్కసారిగా పైకి లేచింది. ముక్కు లేస్తే వెనక భాగం కిందికి దిగుతుంది కదా, పంకా కొసలు రన్‌వేకి కొట్టుకుని వంగిపోయాయి. దేవుడి దయ, లోపలున్న కుర్రాడికి దెబ్బ తగల్లేదు. తోక కింద రెండు చిన్న చక్రాలు బిగిస్తే ముక్కు ఎంత లేచినా పంకా నేలకి తగలదని ఈయనకి ఆ సాయంత్రమే తట్టింది. జోసెఫ్ అని, తెనాలి కుర్రాడు, ఈయన దగ్గరే పనిచేసేవాడు. అతని చేత ఆ చక్రాల బొమ్మ గీయించారు కూడా.

తర్వాత ఢిల్లీ నుంచి కమిటీ వచ్చింది. దాని పెద్ద ఇంగ్లండులో చదువుకున్నవాడట. జరిగిందంతా విని, దీనికి మందేమైనా ఉందా అని అడిగాడట. బొమ్మ ఈయన చేతిలోనే ఉంది. మా ఆయన ఏమన్నారో తెలుసా? "తమరు సెలవిస్తే ఆలోచిస్తామండీ" అన్నారు. మళ్ళీ అడుగుతాడు, అప్పుడు తీసి చూపిద్దామని. మన మొహమాటం అలా ఏడ్చింది. భోజనానికి కూర్చోమంటే ఇప్పుడే తిన్నామండీ అంటాం, మళ్ళీ అడుగుతారని తెలుసు గనక. ఆ పెద్దమనిషి రెండోసారి అడగలేదు. ఫైలు మూసేశారు. పాలపిట్ట నేల విడవనే లేదు.

రెండేళ్ళు పోయాక లైబ్రరీలో ఏదో విదేశీ పత్రికలో ఈయన ఆ జపాను విమానం గురించి చదివారు. దాని పేరు షిన్‌డెన్. అద్భుతమైన మెరుపు అని అర్థమట. దానికీ బుల్లి రెక్కలు ముందు, పంకా వెనక. పైనుంచి బాంబులేసే పెద్ద అమెరికా విమానాల్ని పడగొట్టడానికి హడావుడిగా తయారుచేశారట. దాన్నీ మొదటిసారి పరుగెత్తిస్తే ముక్కు లేచి పంకా కొసలు నేలకి తగిలాయట. వాళ్ళు ఏం చేశారు? వేరే శిక్షణ విమానం చక్రాలు రెండు పట్టుకొచ్చి వెనక నిలువు తోకల కింద బిగించారు. హిరోషిమా మీద బాంబు పడటానికి కొద్ది రోజుల ముందు ఎగిరారు. నెత్తిన నిప్పులు కురుస్తుంటే కూడా వాళ్ళకి రెండు చక్రాలు దొరికాయి. మనకి కమిటీ దొరికింది.

ఆ పత్రిక చదివిన రోజు నుంచీ ఈయన మాట తగ్గిపోయింది. అడిగినదానికి జవాబు, అంతే. ఆ విమానం ఇప్పుడు అమెరికాలో ఒక మ్యూజియం వాళ్ళ గోడౌన్లో ఉందని తెలిశాక, రిటైరైన రోజున నాతో ఒకే ఒక్క మాటన్నారు. "ఆ చక్రాలు ఒక్కసారి కళ్ళతో చూడాలి సరోజా." చూస్తే ఏమొస్తుందండీ అన్నాను. "నేను పిచ్చివాణ్ణి కాదని తెలుస్తుంది" అన్నారు. ఇంక కాశీ మాట నేనెలా ఎత్తను? ఆ చక్రాలేవో చూసేసి ఈ మనిషి మళ్ళీ ఇంట్లో నోరు విప్పి మాట్లాడితే నాకు అదే గంగాస్నానం అనుకున్నాను.

పార్సిప్పనీలో పోపు

పాలపిట్ట ఫైలు మూశాక ఉద్యోగం మానేసి అమెరికా వెళ్ళిపోయిన ఆ జోసెఫే మమ్మల్ని పిలిచింది. న్యూజెర్సీలో పార్సిప్పనీ అనే ఊళ్ళో అపార్ట్‌మెంటు. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. "విమానాలు పోయి లిఫ్టులొచ్చాయి అక్కయ్యగారూ. ఏదైతేనేం, పైకి వెళ్తే చాలు" అని నవ్వాడు. నాకైతే నవ్వు రాలేదు.

పార్సిప్పనీని ఊరనడానికి నాకు నోరు రావడం లేదు. బాల్కనీలో నిలబడి చూస్తే అన్నీ కార్లే, మనిషన్నవాడు కనబడడు. పాల పాకెట్టుకి కారు, ఉత్తరం పోస్టులో వేయడానికి కారు. జోసెఫ్ భార్య సుశీల బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఇంటిపనంతా తనే చేసుకుంటుంది. పక్కింటావిడ పేరేమిటే అని అడిగితే, ఇక్కడికొచ్చి నాలుగేళ్ళయినా తెలీదంది. నేను దిగిన రెండో రోజే కారిడార్లో ఎదురుపడ్డ ముసలావిణ్ణి ఆపి పేరు, పిల్లలెందరు, మోకాళ్ళ నొప్పులకేం వాడతారు, అన్నీ అడిగి తెలుసుకున్నాను. సుశీల సిగ్గుపడి చచ్చిపోయింది. ఆ ముసలావిడ మాత్రం మర్నాడు యాపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తియ్యటి రొట్టె తెచ్చిచ్చింది.

అదే రోజు పప్పులోకి పోపు వేస్తే, పైకప్పుకి అంటించిన తెల్ల డబ్బా ఒకటి గుండెలదిరేలా కూయడం మొదలెట్టింది. పొగొస్తే కూస్తుందట. ఎండుమిరపకాయలకీ కొంప అంటుకోవడానికీ తేడా తెలియని డబ్బా అది. సుశీల కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే ఈయన డైనింగ్ టేబుల్ దగ్గర కదలకుండా కూర్చుని, ఆ డబ్బా లోపల ఏ స్ప్రింగు ఉంటుందో జోసెఫ్‌ని అడుగుతున్నారు. ఎన్నాళ్ళకో తనంతట తను అడిగిన ప్రశ్న! నాకు కోపం రావాలో సంతోషపడాలో తెలియలేదు.

ఆదివారం వాళ్ళతో పాటు మమ్మల్నీ ప్రార్థనకి తీసుకెళ్ళారు. చర్చి అంటే చర్చి కాదు, ఒక డాక్టరు గారింటి కింద గది. గుంటూరు, తెనాలి, నరసాపురం వైపు వాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. తెలుగులో పాటలు బాగా పాడారు. పిల్లలు మాత్రం తెలుగు మాటల్ని నోట్లో ఐసు ముక్క పెట్టుకున్నట్టు పలుకుతున్నారు. ఎవరికి ఏ అవసరం ఉందో చెప్పమన్నారు, అందరూ కలిసి ప్రార్థిస్తారట. ఒకరు గ్రీన్ కార్డ్ అన్నారు, ఒకరు అత్తగారి ఆపరేషన్ అన్నారు. సుశీల లేచి, "మా సార్‌కి రెండు చక్రాలు కనబడాలని ప్రే చేయండి" అంది. ఎవరికీ ఏమీ అర్థం కాకపోయినా అందరూ ఆమేన్ అన్నారు. ఈయన తల ఎత్తలేదు. తర్వాత పెట్టిన కోడిపలావు మేం తినలేదు గానీ, గోంగూర పచ్చడి వేసుకుని పెరుగన్నం రెండుసార్లు కలుపుకున్నాను. ఆ గోంగూర డబ్బాలో వచ్చిందట, అయినా పులుపు పులుపే.

ఎడిసన్‌లో కరివేపాకు

ప్రయాణానికి ముందు రోజు పులిహోర సరుకుల కోసం ఎడిసన్ వెళ్ళాం. మన సరుకులమ్మే కొట్లు అక్కడ ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. కొట్టాయన గుజరాతీ. గుప్పెడు కరివేపాకుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఐసు పెట్టెలోంచి నగ తీసినట్టు తీసిచ్చాడు. డాలరుకి దగ్గర దగ్గర పన్నెండు రూపాయలు. ఆ గుప్పెడూ ఒక డాలరు. మా పెరట్లో మొక్కకి ఈ సంగతి తెలిస్తే నన్ను మనిషిగా చూడదు అనుకుంటూ కొన్నాను.

కొట్టాయన ఎక్కడికి వెళ్తున్నారని అడిగాడు. జోసెఫ్ చెప్పాడు. ఆయన సంచి కడుతూ, "ఓడిపోయినవాళ్ళ విమానమా? గెలిచినవాళ్ళవి చాలా ఉన్నాయిగా, బోర్డులు కూడా ఉంటాయి, అవి చూడండి" అన్నాడు. మావారు "అలాగేనండీ" అన్నారు. ఏదన్నా అలాగేనండీ! కారెక్కాక నేను విసుక్కున్నాను. "మీరు వెళ్ళేది ఎందుకో ఆయనకి చెప్పకూడదూ?" "కరివేపాకు కొట్టులో చెప్పుకోవాలా?" అన్నారు. అదీ నిజమే. ఢిల్లీ వాళ్ళకి చెప్పాల్సింది.

పళ్ళ డాక్టరు గరాజ్

సోమవారం పొద్దున్న బయల్దేరాం. జోసెఫ్ లీవ్ పెట్టాడు. "ఫోన్ చేసి టూర్ బుక్ చేశాను సార్, రేపు టెన్ కల్లా మనం గేటు దగ్గరుండాలి. ఇవాళ పెన్సిల్వేనియాలో ఒకాయన్ని కలిపిస్తాను, మీరు చూడాలి" అన్నాడు. సుశీలకి సెలవు దొరకలేదు.

దారి పొడుగునా మన జొన్న చేలలాంటి మొక్కజొన్న చేలు, పెద్ద పెద్ద ఎర్ర కొట్టాలు. ఒకచోట గుర్రబ్బండ్లలో నల్ల కోట్ల గడ్డం మనుషులు పోతున్నారు. వాళ్ళు కావాలనే కార్లు, కరెంటు వద్దనుకున్నారట. ఇంత దూరం వచ్చి మళ్ళీ జట్కాలు చూడాల్సి వచ్చిందా అనుకున్నాను. జోసెఫ్ వాళ్ళని చూస్తూ ఒక మలుపు తప్పాడు. మళ్ళీ వెనక్కి రావడానికి చాలా దూరం పోవాల్సి వచ్చింది. ఆ దేశంలో తప్పు తిరిగితే వెంటనే బండి వెనక్కి తిప్పడానికి లేదు. రోడ్డు పక్కన బల్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. చేత్తో తింటుంటే పక్క బల్ల పిల్లాడు నోరు తెరుచుకుని చూశాడు. నేను వాడికేసి చూస్తూ ఇంకో ముద్ద పెద్దదిగా కలిపాను.

జోసెఫ్ చూపిస్తానన్నాయన పళ్ళ డాక్టరు. వారమంతా పళ్ళు పీకి, శనాదివారాల్లో కారు షెడ్డులో విమానం కట్టుకున్నాడు. మా కోసం ఆ పూట సెలవు పెట్టుకున్నాడట. నేను వేళాకోళం అనుకున్నాను. గరాజ్ తలుపు పైకి లేపగానే మావారు అక్కడే ఆగిపోయారు. ముందు బుల్లి రెక్కలు. వెనక పంకా. తెల్లగా, నున్నగా, పింగాణీ గిన్నెలా ఉంది. ఇలాంటి వాటికి ఇప్పుడు ప్లాన్లు అమ్ముతారట, కొనుక్కుని ఎవడికి కావాలంటే వాడు కట్టుకోవచ్చట. "మా ఊళ్ళో ఇంకో ఇద్దరు కడుతున్నారు. ఒకాయన స్కూల్లో బ్యాండు నేర్పుతాడు" అన్నాడు డాక్టరు, ఏదో తోటపని గురించి చెప్పినట్టు.

ఇంతమంది ఇంజినీర్లు, అంత ఫ్యాక్టరీ, ఢిల్లీ నుంచి విమానంలో వచ్చిన కమిటీ, అందరూ కలిసి ఇది జరగని పని అని తేల్చారు. ఇక్కడ పళ్ళు పీకేవాడు ఎగురుతున్నాడు, బ్యాండు మాస్టారు ఎగరబోతున్నాడు. మావారు ఆ ముందు రెక్క మీద అరచెయ్యి పెట్టి, "బాగుందండీ, చాలా బాగుందండీ" అంటున్నారు. పైకి నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు చూడలేక నేను బయటికొచ్చేశాను.

డాక్టరు గారి భార్య వచ్చి, కాఫీ తాగుతారా అని మమ్మల్ని అడిగింది. "అబ్బే, ఎందుకండీ శ్రమ" అన్నారీయన. సరేనని ఆవిడ లోపలికెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. వంటింట్లోంచి కాఫీ వాసన వస్తూనే ఉంది. పాపం, ఆవిడ తప్పేం లేదు. వద్దంటే వద్దనే అనుకుంది. ఆ దేశంలో ఒక్కసారే అడుగుతారు. జోసెఫ్‌కి ఆ సంగతి తెలిసి తనొక్కడూ యెస్ ప్లీజ్ అన్నాడు, కప్పు పట్టుకుని మా వంక చూడలేక గోడకేసి తిరిగి తాగాడు. నోట్లో కాఫీ చుక్క పడక నాకు సాయంత్రం దాకా తలనొప్పి.

మేరీలాండ్, రేకుల షెడ్లు

మంగళవారం పొద్దున్న మేం చేరిన చోటు వాషింగ్టన్ శివారు. తెల్లటి మేడలు, నున్నటి గడ్డి ఏవీ లేవక్కడ. చుట్టూ కంచె, లోపల వరసగా రేకుల షెడ్లు. మ్యూజియంలో చోటు చాలని విమానాలన్నిటినీ ఇక్కడ పడేస్తారట. షెడ్లలో ఏసీలు లేవు, లోపల ఉక్కపోత మా రాజమండ్రి మే నెల ఉక్కపోతకి తీసిపోదు. వచ్చినవాళ్ళం మేం ముగ్గురమే. టిక్కెట్టు లేదు, ఊరికే చూపిస్తారు.

మాకు చూపించడానికి వచ్చినాయన పేరు వాల్టర్. పొడుగ్గా, నడుం వంగిన ముసలాయన. జీతం లేకుండా పనిచేస్తాడట. యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో విమానాలు బాగుచేసే పని చేశాడట. మావారి చెయ్యి పట్టుకుని ఊపి, "నలభై మైళ్ళ నుంచి వచ్చి విసుక్కునేవాళ్ళని చూశాను. ఈ ఒక్కదాని కోసం ఇండియా నుంచి వచ్చినవాణ్ణి చూడలేదు" అన్నాడు.

షిన్‌డెన్ ఒక మూల ఉంది. నాకు విమానంలా కనబడలేదు. రెక్కల్లేని మొండెం, చెక్క దిమ్మల మీద ఎత్తి పెట్టారు. ముదురాకుపచ్చ రంగు పెచ్చులూడిపోయింది. వెనక పంకా కూడా పక్కకి తీసి పెట్టారు, ఆరు రేకులు. ఎవరో సిపాయిలు మేకుతో గీసి పేర్లు రాసుకున్నారు దాని ఒంటి మీద. మన కోటల్లో ప్రేమికులు రాసినట్టే. మావారు చుట్టూ తిరిగారు. ముట్టుకోవచ్చా అని చూపుతో అడిగితే వాల్టర్ తలూపాడు. ముక్కు దగ్గర నిలబడి, "తుపాకులు ఇక్కడ. ముందు పంకా లేదు గనక అడ్డం లేదు" అని నాకు చెప్పారు. తనంతట తనే చెప్పారు. నేను ఊఁ కొట్టాను.

వాల్టర్ ఒక కథ చెప్పాడు. నిజమో కాదో తనకీ తెలీదన్నాడు. యుద్ధం ఓడిపోగానే, దాన్ని కట్టినవాళ్ళే శత్రువు చేతికి దక్కకూడదని దీన్ని పగలగొట్టారట. తర్వాత అమెరికా వాళ్ళు వచ్చి చూసి, బాగుచేసి ఇమ్మన్నారట. చేసేదేముంది, పగలగొట్టినవాళ్ళే కూర్చుని మళ్ళీ అతికి, ఓడెక్కించి పంపారట. జోసెఫ్ అది విని, "ఎంత కచ్చితంగా బాగుచేశారో పాపం" అన్నాడు. కొట్టిన చేతులతోనే అతకడం! శత్రువుకి ఇవ్వడానికి! మావారు మాత్రం, "వాళ్ళకి ఇంకోసారి ముట్టుకునే అవకాశం వచ్చింది కదా" అన్నారు మెల్లిగా. ఆ మాట తెలుగులో అన్నారు. వాల్టర్‌కి అర్థం కాలేదు, అదే మంచిదైంది.

మరి చక్రాలేవి? ఎక్కడా లేవు. చక్రాలుండేది నిలువు తోకల కింద, తోకలుండేది రెక్కల మీద, రెక్కలేమో ఇక్కడ లేవు. వాల్టరే చెప్పాడు. "రెక్కలు, తోకలు ఆ చివరి షెడ్డులో ఉన్నాయి. అది టూరులో లేదు, తాళం ఆఫీసులో అడగాలి. చూస్తారా?"

ఇంత దూరం. ఇన్నేళ్ళు. ఆ ప్రశ్న కోసమే కదా వచ్చింది. మావారు వాచీ చూసుకున్నారు, వాల్టర్ నడుం వంక చూశారు. "అబ్బే, వద్దండీ. మీకెందుకు శ్రమ" అన్నారు, చక్కటి ఇంగ్లీషులో.

"సరే అయితే" అన్నాడు వాల్టర్. మమ్మల్ని గేటు వైపు నడిపించడం మొదలెట్టాడు.

మావారి మొహం చూశాను. మళ్ళీ అడుగుతాడని చూస్తున్నారు. ముసలాయన అడగడే! హాయిగా వాతావరణం గురించి చెప్పుకుంటూ నడుస్తున్నాడు. జోసెఫ్ "సార్..." అని ఆగిపోయాడు. సార్ వద్దన్నాక కావాలనడం వాడికీ రాలేదు. అమెరికాలో ఎన్నేళ్ళున్నా ఈయన దగ్గర వాడు పాత జోసెఫే. ఢిల్లీ కమిటీ ముందు ఇలాగే జరిగి ఉంటుంది. నేను చూడలేదు గానీ అచ్చం ఇలాగే, ఇలాంటి మర్యాదతోనే కొంప ముంచుకుని ఉంటారు.

నాకు తిక్కరేగింది. నా ఇంగ్లీషు మెట్రిక్ ఇంగ్లీషు. అయినా గట్టిగా అరిచాను. "మిస్టర్ వాల్టర్! ఆగండి! ఆయనకి కావాలి!"

వాల్టర్ వెనక్కి తిరిగాడు. "వద్దన్నారు కదమ్మా?"

"వద్దంటే వద్దని కాదు. మా వైపు మొదటి వద్దు మర్యాద కోసం. రెండో వద్దు కూడా మర్యాదే. మూడోసారి అడిగితే అప్పుడు నిజం చెప్తాం."

వాల్టర్ నా వంకా, ఆయన వంకా చూశాడు. "మరి అడిగేవాళ్ళు రెండోసారి అడక్కపోతే?"

"నాశనమైపోతాం" అన్నాను. "చూడండి, ఇదిగో అయ్యాం."

"సరోజా!" అన్నారు మావారు. ఎర్రగా కందిపోయారు. "ఏమిటా అరుపులు, మర్యాద లేకుండా?"

"మీరు నోర్మూసుకోండి" అన్నాను తెలుగులో. పెళ్ళయ్యాక ఆ మాట ఆయన్ని నేనెప్పుడూ అనలేదు. "ఇంత దూరం వచ్చి ఈ ముసలాయనకి నడుం నెప్పని చక్రాలు చూడకుండా పోతారా? రేపు ఇంటికెళ్ళి మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటారు. ఆ గోడ ఎదురుగా కూర్చుని అన్నం తినాల్సింది నేను."

వాల్టర్‌కి ఆ తెలుగు ఎంత అర్థమైందో గానీ, నవ్వలేదు. మావారి ముందుకొచ్చి నిలబడి, స్కూలు పిల్లాణ్ణి అడిగినట్టు నెమ్మదిగా అడిగాడు. "సార్, రెక్కలు చూస్తారా?" మావారు నా వంక చూశారు. "సార్, రెక్కలు చూస్తారా?" అని మళ్ళీ అడిగాడు.

"చూస్తాను" అన్నారు మావారు. "దయచేసి చూపించండి."

చివరి షెడ్డు

తాళం తీస్తే లోపల చీకటి, ఎలుకల వాసన. గోడవారన ఒకదాని వెనక ఒకటి రెక్కలు నిలబెట్టి ఉన్నాయి, ఏవి ఎవరివో. వాల్టర్ టార్చి వేసి వెతికి, జోసెఫ్ చేత రెండు చెక్కపెట్టెలు పక్కకి జరిపించాడు. ఆకుపచ్చ రెక్క, దాని మీద నిలువు తోక. తోక కింద బుల్లి చక్రం.

మా ఇడ్లీ పాత్ర మూతంత ఉంది, అంతే. రబ్బరు ఎండి బీటలు వారింది. దాన్ని పట్టి ఉంచిన ఊచ తోకతో పాటు పుట్టింది కాదని నాకు కూడా తెలుస్తోంది. తర్వాత తెచ్చి బిగించినట్టే ఉంది, తొందరలో. మావారు నేల మీద, ఆ దుమ్ములో, ప్యాంటు పాడవుతుందని కూడా చూడకుండా మోకాళ్ళ మీద కూర్చున్నారు. చూపుడు వేలితో చక్రాన్ని కదిపారు. అది కొంచెం తిరిగింది.

"ఇంతే" అన్నారు. నా వంక తిరిగి మళ్ళీ అన్నారు. "ఇంతే సరోజా. ఇంతే."

జోసెఫ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. "సార్, మనం గీసింది దీనికన్నా నీట్‌గా ఉంది సార్" అన్నాడు. "స్ప్రింగ్ కూడా పెట్టాం. వీళ్ళు అదీ పెట్టలేదు."

పిచ్చివాణ్ణి కాదని తెలుస్తుంది అన్నారు కదా ఈయన. తెలిసింది. తెలిసి ఏం చేసుకోవాలి? నాకు ఆ క్షణంలో సంతోషం రాలేదు. అసలు చక్రాలు లేకపోతేనే బాగుండేదేమో అనిపించింది. పని జరగదని తేలితే మనసు కుదుటపడుతుంది. ఇంత సులువుగా జరిగేదని తేలాక ఎక్కడ పెట్టుకోవాలా బాధని?

వాల్టర్ టార్చి పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. తర్వాత అడిగాడు. "మీరు కూడా ఇలాంటిదే కట్టారని మీ ఫ్రెండు ఫోన్‌లో చెప్పాడు. మీకూ ఈ ఇబ్బందే వచ్చిందా?"

"వచ్చింది" అన్నారు మావారు, ఇంకా మోకాళ్ళ మీదే ఉండి. "పంకా కొసలు తగిలాయి. అచ్చం ఇలాగే."

"మరేం చేశారు?"

"రెండు చిన్న చక్రాలు పెట్టాం."

జోసెఫ్ తలెత్తాడు. నేనూ చూశాను. ఈ మనిషి నలభై ఏళ్ళ కాపురంలో నాతో కూడా అబద్ధం చెప్పి ఎరగడు.

"పెడితే ఎగిరిందా?" అన్నాడు వాల్టర్. అడగడంలో ఆయనకి నిజంగానే ఆశ ఉంది. అదే నన్ను కోసేసింది.

"ఎగిరింది" అన్నారు మావారు. "చాలా బాగా ఎగిరింది. కుడివైపుకి కొంచెం లాగేది. మిగతా అంతా బాగుండేది."

జోసెఫ్ వెళ్ళి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. వాల్టర్ మావారి చెయ్యి పట్టి పైకి లేపాడు, ప్యాంటుకంటిన దుమ్ము కూడా తనే దులిపాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీరూ చూశారా అమ్మా?" అన్నాడు.

మావారు నా వంక చూడటం లేదు. చక్రం వంకే చూస్తున్నారు.

"చూశాను" అన్నాను. "మా క్వార్టర్స్ ముందు నుంచే వెళ్ళింది."

అందులో అబద్ధమేమీ లేదు. ఫైలు మూశాక పాలపిట్ట రెక్కలు రంపంతో కోసి, పొట్ట మూడు ముక్కలు చేసి, పాత ఇనుము కొనేవాడి లారీలో వేశారు. ఈయన లోపల గది తలుపేసుకున్నారు. నేను వరండాలో నిలబడి, ఆ లారీ మలుపు తిరిగేదాకా చూశాను.